గృహ శునక పోషణము



గృహమునకు గోవు, తులసి, దీపము అలంకారములని పెద్దలు చెప్పుదురు. ఆ వరుసలో కుక్కను జేర్చినవారు లేరు. అయినను మన పల్లెలలో అరుగు క్రింద నొక కుక్క లేని యిల్లు అరుదు. తాను మేలుకొని మనకు నిద్ర నిచ్చునది, మనము తిని మిగిల్చినదానితో తృప్తి జెందునది, కొట్టినను గుమ్మము విడువనిది ఆ ప్రాణియే గదా! దాని యాయువెంత, దాని యారోగ్యమెట్టిది, ఏల రెండుమూడేండ్ల కొకటి చచ్చి దాని తావున మఱియొకటి వచ్చుచుండును, అని విచారించువారు మాత్రము మిక్కిలి తక్కువ. "కుక్క బ్రతుకు" అను మాటను తిట్టుగా వాడుదుమే గాని, ఆ బ్రతుకు నట్లు చేసినవారము మనమే యని తలపము. ఈ విషయమున ననుభవముచేతను, వైద్యుల మాటలచేతను నాకు దెలిసినంత మీకు విన్నవించుకొందును.

మా తండ్రిగారు నన్ను బడికి బంపలేదు. ఇంటనే భారత భాగవతములు చదివించిరి. ఆ చదువులో నా బాల్యమున మనసున నాటుకొన్న కథలు రెండు. భారతమున ఆదిపర్వారంభముననే కుక్క కనబడును. జనమేజయుడు యాగము చేయుచుండగా సరమ యను దేవశుని కొడుకు అచ్చటికి వచ్చెను. రాజు తమ్ములు దానిని నిష్కారణముగా గొట్టిరి. అది యేడ్చుచు తల్లితో జెప్పెను. సరమ సభకు వచ్చి, నిరపరాధియైన నా బిడ్డ నేల కొట్టించితివని రాజును నిలదీసి, అనుకొనని భయము నీకు గలుగునని చెప్పి పోయెను. చక్రవర్తియంతటివాడును ఆ మాటకు గలతపడి, శాంతి చేయింప దగిన పురోహితుని వెదకికొనుచు బోవలసివచ్చెను. ఇక గ్రంథాంతమున, మహాప్రస్థానమున తమ్ములును ద్రౌపదియు ఒక్కొక్కరే పడిపోగా, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గ మెక్కనని ధర్మరాజు పట్టుబట్టెను. అంత పెద్ద గ్రంథమున మొదట కుక్కకు జరిగిన యన్యాయము, తుదిని కుక్కకు జరిగిన న్యాయము. ఇంతకంటె మనకు వేఱు ప్రమాణ మేల?

పురాణములే గాదు, శాసనములును గలవు. కన్నడ దేశమున మండ్య ప్రాంతపు ఆతకూరులో 10వ శతాబ్దపు వీరశిల యొకటి దొరకినది. అడవిపందితో పోరాడి తానును మరణించిన కాళి యను వేటకుక్క స్మృత్యర్థము దానిని నిలిపిరి. మన యాంధ్రదేశమున కొల్లేటి ప్రాంతములవారు జోనంగి యను కుక్కలను బాతుల మందలను దోలుటకు బెంచుచు వచ్చిరి. మా ప్రాంతపు గొల్లకురుమల మందలవెంటను, లంబాడీల తండాలలోను కుక్క లేక పని జరుగదు. కుక్క మన జాతి జీవనమున బాలుపంచుకొన్నదే గాని నడుమ వచ్చిన షోకు గాదు.

మాది వికారాబాదు జిల్లా నవాబుపేట. మావారు ఉపాధ్యాయులు. 2014వ సంవత్సరపు వానాకాలమున, మా యూరింకను రంగారెడ్డి జిల్లాలోనే యున్న దినములలో, రెండు నెలల యాడుపిల్ల యొకటి వానకు దడిసి మా యరుగెక్కినది. మేలుజాతి యేమియు గాదు, అచ్చపు టూరకుక్క. భారతమును దలచి మావారు దానికి సరమ యని పేరు పెట్టిరి. ఇప్పుడు దానికి బండ్రెండవ యేడు నడచుచున్నది. ఇన్నేండ్లు అది యెట్లు బ్రతికినదని మా వాడలోనివారు నన్నడుగుచుందురు. అది మహిమ గాదు. ఆహార మొకటి, టీకా యొకటి, పరిశుభ్రత యొకటి, కాపుదల యొకటి. ఇంతే.

కుక్క వయసును ఏడుచేత గుణించిన మనుష్యుల వయసు వచ్చునని లోకమున నొక లెక్క గలదు. అది సరిగాదు. నడితరపు కుక్కకు మొదటి యేడు నిండునప్పటికి మనలో పదునైదేండ్ల యీడు వచ్చును. రెండవ యేట మఱి తొమ్మిది, తరువాత నేటికి నాలుగైదు చొప్పున గూడును. పెద్ద శరీరము గల జాతులు త్వరగా ముసలివగును. చిన్నవి యెక్కువ కాలము బ్రతుకును. ఆస్ట్రేలియాలో బ్లూయీ యను పశువుల కాపరి కుక్క 1910లో బుట్టి 1939 వఱకు, అనగా ఇరువదితొమ్మిదేండ్లకు బైగా జీవించెను. అట్టి యాయువు అన్నిటికిని రాదు. కాని మన యూరకుక్కలు వీధిలో మూడు నాలుగేండ్లకే కడతేరుటకు కారణము వాని రక్తము గాదు, వాని వీధి. ఆ రక్తమే యింట నున్నచో పండ్రెండు, పదునాలుగేండ్లు సుఖముగా నుండగలదు.

మొదట టీకాల మాట చెప్పెదను. 1978 ప్రాంతమున లోకమంతట వ్యాపించిన పార్వో యను వ్యాధి కుక్కపిల్లల పాలిటి మృత్యువు. పిల్ల మేత మానును, వాంతులు చేసికొనును, నెత్తురుతో విరేచనములగును. రెండుమూడు దినములలో ప్రాణము బోవును. దాని క్రిమి మలముతో నేలబడి నెలల తరబడి మంటిలో నిలిచియుండును. కాబట్టి ఒక పిల్ల చచ్చిన యింట వెంటనే మఱియొక పిల్లను దెచ్చుట దానిని చావునకు బిలుచుటయే. ఆఱు నుండి యెనిమిది వారముల వయసున టీకా మొదలిడి, రెండు మూడు వారముల కొకమాఱు చొప్పున పదునాఱు వారములు నిండువఱకు వేయింపవలెను. ఇన్ని మాఱు లేల యని నేను వైద్యుని అడిగితిని. తల్లిపాల వలన బిడ్డకు వచ్చిన రక్షణ యున్నంతకాలము టీకా పట్టదట. ఆ రక్షణ యెప్పుడు తీరునో యొక్కొక్క పిల్లకు వేఱువేఱు. కావున నడుమ నెడము రాకుండ మరల మరల వేయవలెనని యాయన చెప్పెను. కారణము దెలిసినపుడు పని భారమనిపింపదు.

ఇక రేబీసు. దీనిని మన పల్లెలలో పిచ్చికుక్క కాటు అందురు. ఈ వ్యాధి లక్షణములు పొడసూపిన పిదప మనిషియైనను కుక్కయైనను బ్రతుకుట దాదాపు లేదు. కాని ముందుగా మేల్కొన్నచో దీనిని బూర్తిగా నివారింపవచ్చును. 1885 జూలై 6వ తేదీన పారిసులో లూయీ పాశ్చరు తొమ్మిదేండ్ల జోసెఫు మైస్టరు అను బాలునకు మొదటి టీకా నిచ్చెను. మన దేశమున 1907లో కూనూరులో పాశ్చరు సంస్థ ఏర్పడెను. ఒకప్పుడు కడుపుమీద పదునాలుగు సూదులు వేసెడివారు. ఇప్పుడు భుజమున కొద్దిమాఱులు వేసిన జాలును. పెంపుడు కుక్కకు మూడు నెలల వయసున నొకసారి, తరువాత వైద్యుడు చెప్పినట్లు మరల నొకసారి, పిదప నేటేట వేయింపవలెను. ప్రతి సంవత్సరము జూలై 6న పశువైద్యశాలలలో ఈ టీకా నుచితముగా వేయుట మన రాష్ట్రమున బరిపాటి.

దీని విలువ మా వాడకు దెలిసిన విధము చెప్పెదను. రెండేండ్ల క్రిందట మాఘమాసమున నొక సాయంకాలము, చొంగ గార్చుచు తూలుచు నొక పరాయి కుక్క మా వీధికి వచ్చెను. ఆడుకొనుచున్న ఎనిమిదేండ్ల పిల్లవాని పిక్క పట్టెను. సరమ దానిమీద బడెను. ఆ కుక్క సరమ చెవి కొఱికి చేలవెంట బాఱిపోయెను. పిల్లవాని యవ్వ పరుగున వచ్చి గుప్పెడు కారముపొడి తెచ్చినది. "పంతులమ్మా, కారం పెడితే విషం దిగుతది" అని యామె యేడ్చుచున్నది. "అవ్వా, ముందు సబ్బు, నీళ్లు. తక్కినదంతా తర్వాత మాట" అని నేను బిడ్డను కుళాయిక్రింద గూర్చుండబెట్టి, సబ్బు రుద్దుచు పావుగంట సేపు ధారగా గడిగితిని. క్రిమి గాయమునుండి నరములవెంట మెదడున కెక్కును. గాయముననే దానిని గడిగివేయుట సగము వైద్యము. కారము, సున్నము, పసరు, పసుపు గాయమును మండించి క్రిమిని లోనికే తోయును గాని చంపవు. మావారు వెంటనే బిడ్డను ప్రభుత్వ వైద్యశాలకు గొనిపోయిరి. గాయము చుట్టును రక్షకద్రవమును, టీకాయు ఇచ్చిరి. తక్కిన టీకాలు చెప్పిన దినములలో దప్పక వేయించిరి. ఆ పిల్లవాడు నేడు మావారి బడిలోనే చదువుచున్నాడు.

కాని సరమ సంగతి యెట్లు? వాడలో పెద్దలు కొందఱు దానిని చంపుడనిరి. కొందఱు ఊరి బయట విడిచి రమ్మనిరి. ఇంట నిద్దఱు పిల్లలు గలరు. అత్తగారు నోరెత్తలేదు గాని రాత్రి భోజనము మానిరి. తల్లులకు భయము గలుగుట తప్పుగాదు. నాకును గలిగినది. అపుడు మావారు టీకా పుస్తకము దెచ్చి దీపముక్రింద నందఱకు జూపిరి. ఏటేట తేదీ తప్పలేదు. మఱునాడు పశువైద్యుడు దాని గాయమును గడిగి, మరల టీకాలు మొదలిడి, నలుబదియైదు దినములు వేఱుగా గట్టి కనిపెట్టియుండుడని చెప్పెను. "ఇన్నేండ్లు అది మనలను గాచినది. నలుబదియైదు దినములు మనము దానిని గావలేమా?" అని మావారనిరి. కొట్టపు మూలను గొలుసుతో గట్టితిమి. పిల్లలను దరిజేరనీయలేదు. మూకుడును గఱ్ఱతో ముందునకు ద్రోయుచు అన్నము పెట్టితిని. నీరు మ్రింగుచున్నదా, కంఠస్వరము మాఱినదా, వెలుగును జూచి బెదరుచున్నదా యని ప్రొద్దున సాయంకాలము చూచి, పంచాంగము ప్రక్క గోడమీద నొక్కొక్క గీటు గీసితిని. మండలము దాటిన పిదప నైదు గీట్లు మిగుల దీర్ఘముగా దోచినవి. నలుబదియాఱవనాడు గొలుసు విప్పినప్పుడు, కుక్క తాకిన మైలయని పదేండ్లు దూరముగా నుండిన మా అత్తగారు తమ చేతితో దానికి పెరుగన్నము పెట్టిరి. ఆ పుస్తకములోని నాలుగు తేదీలే ఒక ప్రాణమును నిలిపినవి. కాబట్టి టీకా వేయించుటయే గాదు, ఆ కాగితమును బంగారపు నగవలె దాచుట ముఖ్యము.

పురుగుల సంగతి స్త్రీలు విశేషముగా గమనింపవలెను. కుక్కపిల్లలలో తల్లి గర్భమునుండియే నులిపురుగులు వచ్చును. రెండు వారముల వయసునుండి మూడు నెలల వఱకు పక్షమున కొకసారి, ఆఱు నెలల వఱకు నెలకొకసారి, పిదప మూడు నెలల కొకసారి వైద్యుడు చెప్పిన తూకమున మందు వేయవలెను. మట్టిలో నాడుకొను మన బిడ్డల కడుపునకును ఆ పురుగులు చేరును గనుక ఇది పిల్లల కొఱకును జేయు పని. ఇక గోమారులు. అవి నెత్తురు ద్రాగుటయే గాక జ్వరమును దెచ్చును. కుక్క చిగుళ్లు తెల్లబాఱినను, ముక్కునుండి నెత్తురు గాఱినను, మేత మానినను జాగు సేయరాదు. ఒక్క గోమారి వేలకొలది గ్రుడ్లను గోడ పగుళ్లలో బెట్టును. కుక్కకు మందు వేసి కొట్టమును విడిచిన ఫలము లేదు. పగుళ్లు పూడ్చి, సున్నము గొట్టి, పడక గోనెలను వేడినీట నుడుకబెట్టి యెండవేయవలెను. కొందఱు పత్తిచేలకు గొట్టు మందును నీట గలిపి కుక్కకు బూయుదురు. అది దానిని నాకి ప్రాణము విడుచును. ఆ పని యెన్నడును చేయకుడు.

ఆహారమున మనకు దయ యెక్కువ, వివేకము తక్కువ. మాది మాంసము ముట్టని యిల్లు. ఉత్త పెరుగన్నముతో సరమ పెరిగెను గాని, ఏడాది నిండునప్పటికి వెండ్రుకలు రాలి చిక్కిపోయినది. కుక్కకు మాంసకృత్తులు వలెను, గ్రుడ్డు పెట్టుడని వైద్యుడు చెప్పెను. ఈ మాట అత్తగారితో నెట్లు చెప్పుదునాయని నేను మూడు దినములు తటపటాయించితిని. ఆమె విని కొంతసేపూరకుండి, "వంటింటిలో వద్దమ్మా. పెరట్లో మూడు రాళ్లు పెట్టుకో. దాని గిన్నె దానిదే, దాని పొయ్యి దానిదే" అనిరి. నాటి నుండి మా పెరటి వేపక్రింద సరమ పొయ్యి వెలుగుచున్నది. అన్నము, ఉప్పు కారము లేక మెత్తగా నుడికిన కందిపప్పు, గుమ్మడియో కారటో, ఉడికిన గ్రుడ్డు, కొంచెము పెరుగు. దినమునకు రెండు పూటలు, వేళ తప్పక. మాంసము తినువారు ఎముక లేని ముక్కను ఉడికించి పెట్టవచ్చును. ఉడికిన యెముక పెళుసై చీలి ప్రేగులను జీల్చును గనుక పెట్టరాదు.

పండుగనాడు మనము ప్రేమతో బెట్టునవే దానికి విషము లగును. పాయసములోని యెండుద్రాక్ష, పచ్చి ద్రాక్ష మూత్రపిండములను జెఱచును. ఉల్లి, వెల్లుల్లి రక్తమును విఱుచును. చాకొలెట్టు గుండెను నరములను బాధించును. పంచదార లేని చూయింగు గమ్ములలో నుండు జైలిటాలు అను తీపి కొంచెమైనను ప్రాణాంతకము. తిరగమోత వేసిన కూరలు, పులుసు, పచ్చళ్లు దానికి బనికిరావు. లావగుట ముద్దు గాదని తెలియవలెను. అమెరికాలో 48 లాబ్రడారు పిల్లలను రెండు జట్లుగా జేసి, ఒక జట్టుకు రెండవ జట్టు తిన్నదానిలో మూడు వంతులే పెట్టుచు జీవితాంతము పరిశీలించిరి. 2002లో వెల్లడియైన ఫలితమున, మితముగా దిన్నవాని సగటు ఆయువు 13 ఏండ్లు, రెండవవానిది 11.2 ఏండ్లు. కీళ్ల నొప్పులును మొదటి జట్టుకు ఆలస్యముగా వచ్చినవి. ప్రక్కటెముకలు కంటికి గనబడక, చేతికి మాత్రము తగులుచుండిన చాలును.

ఒక మాట చెప్పుటకు సంకోచము గలదు గాని చెప్పక తప్పదు. ఆడుకుక్కకు పిల్లలు గలుగకుండ శస్త్రము చేయించుట పాపము గాదా యని పలువురు నన్నడిగిరి. ఈనిన ప్రతిసారి ఐదాఱు పిల్లలు. వానిలో నెన్ని బండ్లక్రింద బడును, ఎన్ని పార్వోకు బలియగును, ఎన్ని యాకలిచే జచ్చును? వానిని గని పెంచలేక విడుచుట పాపమా, గనకుండ జేయుట పాపమా? శస్త్రము లేని యాడుకుక్కకు నడివయసున గర్భాశయము చీముబట్టి ప్రాణముమీదికి వచ్చును. వీధికుక్కల కలయికచే నంటు కంతులు గలుగును. సకాలమున శస్త్రము చేసినచో మొదటి యాపద తొలగిపోవును, రొమ్ము కంతులును తగ్గును. సరమకు ఏడవ నెలలో చేయించితిమి. మగకుక్కకును జేయించిన యెడల అది తిరుగుబోతై రోడ్లవెంట బోవుట తగ్గును.

మా ప్రాంతపు వేసవి మీకు దెలిసినదే. కుక్కకు మనవలె ఒడలంతట చెమట పట్టదు. నాలుక వ్రేలవైచి రొప్పుటయే దానికి ముఖ్యసాధనము. ఎండవేళ గట్టివేయుటయు, కాలుచున్న రోడ్డుమీద నడిపించుటయు క్రూరము. మట్టితొట్టెలో నీరు నీడను నుండవలెను. దినమున కొకసారి కడిగి నింపవలెను. కుక్క యొడలి వేడి సహజముగనే 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. అది 104 దాటి, రొప్పుచు తూలినచో ఒడలు చల్లని నీటితో దడిపి, గాలి విసరుచు వైద్యునికడకు గొనిపోవలెను. దీపావళినాడు తలుపులు మూసి లోపలి గదిలో నుంచుడు. బెదరి పాఱిపోయిన కుక్కలు మరల నింటికి రావు. ఉదయ సాయంకాలములు నడకయు, కొంత యాటయు, రెండు మంచి మాటలును మందుల వంటివే. దినమంతయు గొలుసున నుంచిన కుక్క కోపిష్ఠియై కఱచును.

ఇక వార్ధకము. ఎనిమిదేండ్లు దాటిన పిదప ఆఱు నెలల కొకసారి వైద్యునకు జూపుట మంచిది. నీరెక్కువ త్రాగుచున్నదన్న మూత్రపిండముల సంగతి విచారింపవలెను. నోటి దుర్వాసన పండ్ల వ్యాధికి గుర్తు. మెత్తని గుడ్డతో పండ్లు తుడుచుట చిన్ననాటనే యలవాటు చేయుడు. మనుష్యుల దంతలేపము వాడకుడు. సరమకు నేడు కన్ను లేతనీలపు పొర గట్టినది. వెనుకకాళ్లు బండలమీద జారుచున్నవి. అందుచే నరుగుమీద గోనె పఱచితిమి. దానిని దాకుటకు ముందు పేరు బెట్టి పిలుచుచున్నాము. కీళ్లనొప్పులకు మనము మ్రింగు పారాసిటమాలు, ఐబుప్రొఫెను బిళ్లలు ఇయ్యరాదు. అవి కుక్కకు హానికరములు. పశువైద్యుడు తూకము చూచి యిచ్చినదే యియ్యవలెను.

ఇదంతయు ధనవంతుల వేడుక యని కొందఱనుకొనవచ్చును. ఉపాధ్యాయుని జీతముతో నడచు సంసారము మాది. ఏడాదికి టీకాలు, పురుగుల మందులు కలిపి యొక చీర వెలకు మించదు. శ్రమ మాత్రము గలదు. ఆ శ్రమలో మిక్కిలి భాగము గృహిణిదే. పొయ్యి మనది, నీటితొట్టి మనది, మొదట దాని మేను వేడిని గనిపెట్టునది మన చేయి. కాబట్టి కుక్కను దెత్తుమని పిల్లలు మారాము చేసినపుడు, "ముద్దు మీది, పది పండ్రెండేండ్ల పని నాది" అని ముందే లెక్క వేసికొనుడు. చేయలేమనిన దేకుడు. తెచ్చిన పిదప విడువకుడు. నోరులేని ప్రాణికి ఆకలియైన వేళ మనము చెప్పకయే యన్నము పెట్టుటను జూచి పెరిగిన బిడ్డలు, రేపు మన ముసలితనమున మనము నోరు దెఱవకయే మన దాహము నెఱుగుదురు. శునక పోషణమున కింతకంటె గొప్ప ఫలమును నేనెఱుగను.